ఆ గంటల లెక్క చెప్పండి

రెండు తెలుగు రాష్ట్రాల హోం శాఖ మంత్రులకు, డీజీపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మీ అందరికీ నమస్కారం.

నేను మేజిస్ట్రేట్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసుకునే మామూలు లాయర్ని. రిమాండ్ రిపోర్టులు చదవడం నా రోజువారీ పని. దొంగతనం కేసుల్లో అయితే అవి ఎంత ఒకేలా ఉంటాయంటే, పేర్లు కొట్టేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. నమ్మదగిన సమాచారం మేరకు ఫలానా చౌరస్తాలో వాహన తనిఖీ చేస్తుండగా, అనుమానాస్పదంగా తిరుగుతున్న వ్యక్తి పోలీసులను చూసి పారిపోబోగా పట్టుకున్నాము. మధ్యవర్తుల సమక్షంలో నేరం ఒప్పుకున్నాడు. సొత్తు స్వాధీనం చేసుకున్నాము. అరెస్టు చేసిన సమయం ఉదయం పది గంటలు. ఆ మనిషి భార్య మాత్రం వేరే మాట చెబుతుంది. మూడు రోజుల కిందట రాత్రి అన్నం తింటుండగా మఫ్టీలో వచ్చినవాళ్లు బండెక్కించుకుపోయారని, అప్పట్నుంచి స్టేషన్ గేటు దగ్గరే పడిగాపులు కాస్తున్నామని.

మీకు రాస్తున్నది ఆ మూడు రోజుల గురించి.

అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) చెప్పిందీ అదే, దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ 58వ సెక్షన్ చెబుతున్నదీ అదే. మన స్టేషన్లు ఈ నిబంధనను కాగితం మీద ఎప్పుడూ తప్పవు. గడియారం తిరగడం మొదలయ్యేది అరెస్టు చూపించిన నిమిషం నుంచి కదా, అందుకని. ఏం జరిగినా ఆ నిమిషానికి ముందే జరిగిపోతుంది.

ఆ గంటలు ఎలా గడుస్తాయో స్టేషన్ల చుట్టూ తిరిగేవాళ్లకు తెలుసు. రైటర్ టేబుల్ దగ్గర సెల్‌ఫోన్, బెల్టు తీయిస్తారు. అది లాకప్‌లో పెట్టే ఎవరికైనా చేసేదే. కానీ ఈ మనిషి లాకప్‌లో ఉండడు. ఉంటే రిజిస్టర్లో రాయాలి. వెనక గదిలోనో, దొంగతనాల కేసులు చూసే ఐడీ పార్టీ కానిస్టేబుళ్లు కూర్చునే రూములోనో నేల మీద కూర్చుంటాడు. స్టేషన్లో రోజూ జరిగేదంతా రాసే జనరల్ డైరీలో అతని పేరు లేదు. బయట సెంట్రీ మర్యాదగానే మాట్లాడతాడు: "సీఐ గారు బందోబస్తుకెళ్లారమ్మా, రేపు రా." మీ ఆయన మా దగ్గర లేడు అనే చెబుతాడు, కానీ టిఫిన్ డబ్బా మాత్రం లోపలికి తీసుకుంటాడు. లేని మనిషికి తెచ్చిన అన్నం ఎవరు తింటున్నారని అడిగే ధైర్యం ఆ ఇల్లాలికి ఉండదు. అడిగితే రేపు డబ్బా కూడా తీసుకోరేమోనని భయం. సాయంత్రానికి వాళ్ల వీధి పెద్దమనిషి ఒకడు వస్తాడు, ఎంతో కొంత చూసుకుంటే చెయ్యి పడకుండా చూస్తానంటాడు. పుస్తెలతాడు తాకట్టులోకి వెళ్తుంది.

తర్వాత ప్రభుత్వాసుపత్రి. క్యాజువాలిటీలో రోగుల వరస వరండా దాటి ఉంటుంది. డ్యూటీ డాక్టరు బీపీ చూసి, దెబ్బలేమైనా ఉన్నాయా అని ఎస్కార్ట్ కానిస్టేబుల్ వైపు చూస్తూనే అడిగి, ఏమీ లేవని రాసి సంతకం పెడతారు. చొక్కా విప్పించి చూసి రాసిన సర్టిఫికెట్ చదవగానే తెలిసిపోతుంది, అందులో పాత మచ్చలు కూడా ఉంటాయి. అలాంటివి అరుదు. అరికాళ్ల మీద కొట్టిన దెబ్బలకు చెప్పులు విప్పించి చూడాలి, అదింకా అరుదు. చివరికి మేజిస్ట్రేట్ గారు అడుగుతారు: "పోలీసులు ఏమైనా కొట్టారా?" ఆ మనిషి జవాబు చెప్పే ముందు ఒక్కసారి పక్కకి చూస్తాడు. రెండడుగుల దూరంలో, తనను తీసుకొచ్చిన కానిస్టేబులే నిలబడి ఉంటాడు, మళ్లీ జైలు దాకా తీసుకెళ్లేదీ అతనే. "లేదు సార్." రిమాండ్ 14 రోజులు. దెబ్బల ఊసెత్తితే బెయిల్ ఆలస్యమవుతుందని చెవిలో చెప్పే లాయర్లూ ఉన్నారు, మావాళ్లే.

పోలీసులంతా ఇంతేనని నేననను. చెయ్యెత్తకుండా కేసులు ఛేదించే ఎస్ఐలు ఉన్నారు, వాళ్ల చార్జిషీట్లు కోర్టులో నిలబడతాయి కూడా. కొట్టేవాళ్లు కూడా కోపిష్టులని కాదు. చాలాసార్లు అది చల్లగా, పనిలో భాగంగా జరుగుతుంది. ఎందుకో చట్టంలోనే ఉంది. పోలీసుల దగ్గర ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్టు 25, 26 సెక్షన్లు, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్. బ్రిటిష్‌వాడికి కూడా తన పోలీసుల మీద నమ్మకం లేక రాసుకున్న నిబంధన అది. కానీ పక్కనే ఒక కిటికీ తెరిచిపెట్టారు: ఆ వాంగ్మూలం వల్ల వస్తువేదైనా దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. ఇక అసలు కష్టమంతా ఆ వస్తువు కోసమే. నెలవారీ క్రైమ్ రివ్యూ మీటింగులో ఎస్పీ గారు అడిగేది రికవరీ ఎంత, అంటే పోయిన సొత్తు ఎంత పట్టుకున్నారు అనే. ఎన్ని కేసుల్లో శిక్ష పడిందని, ఎన్నింటిలో వేలిముద్రలు సరిగ్గా తీశారని అడిగితే స్టేషన్ పనితీరు ఇంకోలా ఉండేది. సీఐ మీద టెన్షన్, సీఐ నుంచి ఐడీ పార్టీ మీద టెన్షన్, చివరికి అదంతా ఎవరి అరికాళ్ల మీద దిగుతుందో మీకు తెలియంది కాదు.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్లో ఇదే జరిగింది. రెండు లక్షల రూపాయలు పోయాయన్న ఫిర్యాదు మీద ఒక దళిత మహిళను పట్టుకొచ్చారు. వంట పని చేసుకునే మనిషి. ఆమె ప్రాణాలతో బయటికి రాలేదు. హైకోర్టు కల్పించుకుంది, ఎస్ఐనీ ఇద్దరు కానిస్టేబుళ్లనీ ఉద్యోగం నుంచి తీసేశారు. తీసేయడం మంచిదే. కానీ ఆ స్టేషన్లో ఆ రోజు రికవరీ కోసం ఎంచుకున్న పద్ధతి ఆ ముగ్గురూ కనిపెట్టింది కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో ఒక స్త్రీ మీద జరిగిన అఘాయిత్యం, రిక్షా తొక్కుకునే ఆమె భర్త చావు ఊరంతటినీ అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు రాయచూరు కోర్టుకు మారింది, అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ తేల్చినదానికీ కోర్టు తీర్పుకూ ఎందుకంత దూరమంటే, గోడల లోపల జరిగినదానికి సాక్షులు కూడా ఆ గోడల లోపలివాళ్లే.

ఆ చిక్కుముడికి లా కమిషన్ 1985లోనే, తన 113వ నివేదికలో, ఒక దారి చెప్పింది. కస్టడీలో ఉండగా మనిషికి గాయాలైతే, ఆ గాయాలు కస్టడీలో పెట్టుకున్న అధికారి చేసినవేనని కోర్టు భావించేలా ఎవిడెన్స్ యాక్టులో ఒక సెక్షన్ చేర్చమంది. కాదని రుజువు చేసుకునే భారం అప్పుడు ఆ అధికారి మీద పడుతుంది. ఆ సెక్షన్ ఇంతవరకూ రాలేదు. 2023లో చట్టాలన్నీ తిరగరాసినప్పుడు కూడా రాలేదు. చిత్రహింసల వ్యతిరేక అంతర్జాతీయ ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది, ఆమోదం ఇప్పటికీ తెలపలేదు. అందుకోసం తెచ్చిన బిల్లు 2010లో లోక్‌సభ దాటింది, అక్కడితో ఆగింది. ఇవి ఢిల్లీ పనులు, మీ చేతిలో లేవని అంటారు. ఒప్పుకుంటాను. 2017 ఏప్రిల్ నుంచి 2022 మార్చి వరకు ఐదేళ్లలో దేశం మొత్తం మీద పోలీస్ కస్టడీలో 669 మంది చనిపోయారని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఇది చనిపోయినవాళ్ల లెక్క. బతికి, "లేదు సార్" అన్నవాళ్లది ఏ లెక్కలోనూ లేదు.

జనం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీరే అడుగుతారు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది, పది మంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరగాలంది. అప్పుడు పూలు చల్లినవాళ్లలో ఎంతమంది ఆ నివేదిక చదివారో గానీ, "వాడికి కోటింగ్ ఇవ్వండి సార్" అనే మాట స్టేషన్లో ఫిర్యాదుదారుల నోట నేను చాలాసార్లు విన్నాను. ఫోన్ పోయినవాడికి ఫోన్ కావాలి, పద్ధతితో పనిలేదు. కాకపోతే అదే మనిషి కొడుకుని ఒక రాత్రి డ్రంకెన్ డ్రైవ్‌లో ఆపి, మాటా మాటా పెరిగి స్టేషన్‌కి తీసుకెళ్తే, అప్పుడు నాకు అర్ధరాత్రి ఫోనొస్తుంది. అప్పుడు రాజ్యాంగం గుర్తుకొస్తుంది. జనం అడిగారు కాబట్టి కొట్టామనడం యూనిఫాం వేసుకున్నవాళ్లు చెప్పదగిన మాట కాదు. 2025 మే చివర్లో తెనాలిలో నడిరోడ్డు మీద ముగ్గురు యువకుల అరికాళ్ల మీద లాఠీలతో కొడుతున్న వీడియో బయటికొచ్చినప్పుడు, వాళ్ల మీద పాత కేసులున్నాయనే వాదన వచ్చింది. పాత కేసులుంటే కోర్టు ఉంది. ఏ సెక్షన్లోనూ నడిరోడ్డు లేదు.

ఇక శిక్షణ. కానిస్టేబుల్‌గా ఎంపికైన పిల్లలకు దాదాపు తొమ్మిది నెలలు ట్రైనింగ్ ఇస్తారు. పరేడ్, పీటీ, ఫైరింగ్, లాఠీ డ్రిల్, చట్టాలు. జాతీయ పోలీస్ అకాడమీయే హైదరాబాద్‌లో ఉంది. ఐపీఎస్‌లు తయారయ్యే ఊరు మనది. అయినా మొదటి పోస్టింగులో చేరిన కుర్రాడికి సీనియర్ చెప్పే మొదటి పాఠం, అకాడమీలో చెప్పింది అక్కడే వదిలెయ్ అని. అంటే మీ తొమ్మిది నెలల ఖర్చు ఒక్క టీ తాగే సమయంలో రద్దయిపోతోంది. కొత్తవాళ్లకు ఇంకో క్లాసు పెట్టి లాభం లేదు. ట్రైనింగ్ కావాల్సింది పదిహేనేళ్ల సర్వీసున్న హెడ్ కానిస్టేబుల్‌కి, ఐడీ పార్టీకి, వాళ్లను నడిపే సీఐకి.

కావాల్సిన విద్య కూడా కొత్తది కాదు. బ్రిటన్‌లో కొట్టీ బెదిరించీ ఒప్పించిన కేసులు ఒకదాని వెంట ఒకటి కోర్టుల్లో కూలిపోయాయి. 1984లో చట్టం మార్చి స్టేషన్లో విచారణను టేపు చెయ్యడం మొదలుపెట్టారు. 1992లో విచారణ పద్ధతినే మార్చారు: ముందుగా సాక్ష్యం సిద్ధం చేసుకోవడం, నిందితుడిని తన కథంతా చెప్పనివ్వడం, ఆ తర్వాత ఒక్కో అబద్ధాన్నీ ఆధారంతో నిలదీయడం. దీనికి ఓపిక కావాలి, సీసీ ఫుటేజీ, కాల్ డేటా ముందే చదువుకుని కూర్చోవాలి. పదహారు గంటలు డ్యూటీ చేసి, మధ్యలో వీఐపీ బందోబస్తుకెళ్లొచ్చిన మనిషికి ఆ ఓపిక ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు. అది ఎంతమందికి, ఎన్ని వారాలు దక్కిందో మీ కానిస్టేబుళ్లనే అడగండి. తెలంగాణలో 2024 అక్టోబర్లో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు డ్యూటీల గురించి రోడ్డెక్కితే, తర్వాత కొందరు కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు, కొందరిని డిస్మిస్ చేశారు. నిద్రలేని మనిషి చేతిలో లాఠీ పెట్టి సంయమనం గురించి సర్క్యులర్ పంపితే ఏం ఉపయోగం?

గుంపుల మీద బలప్రయోగం గురించి ఎక్కువ రాయను. నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి: ముందు హెచ్చరించాలి, తక్కువ బలంతో మొదలుపెట్టాలి, కాల్పులు ఆఖరి మెట్టు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల నిరసన మీద, 2007 జులై 28న ఏడుగురు చనిపోయిన ముదిగొండలో భూపోరాటం మీద కాల్పులు జరిపినప్పుడు ఆ మెట్లు ఎలా దాటేశారో రెండు రాష్ట్రాల్లోనూ గుర్తున్నవాళ్లున్నారు. అయితే అక్కడ కనీసం కెమెరాలు, విలేకరులు, వేలమంది సాక్షులు ఉంటారు. వెనక గదికి ఆ భాగ్యం లేదు.

ఆ గదిలోకి చూపు వెళ్లేందుకు సుప్రీంకోర్టు మీకు మూడుసార్లు దారి చూపించింది. 1996 డిసెంబర్లో డీకే బసు కేసులో పదకొండు సూచనలిచ్చింది: అరెస్టు మెమో, సాక్షి సంతకం, బంధువులకు కబురు, 48 గంటలకోసారి వైద్య పరీక్ష. మీ స్టేషన్ గోడల మీద ఆ బోర్డు ఉంది, చాలాచోట్ల దాని ముందు బీరువా కూడా ఉంది. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో, పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే పోలీస్ కంప్లైంట్స్ అథారిటీలు పెట్టమంది. రాష్ట్ర స్థాయిలో రిటైర్డ్ హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి, జిల్లా స్థాయిలో రిటైర్డ్ జిల్లా జడ్జి. డీఎస్పీ దాకా ఎవరి మీద ఫిర్యాదైనా జిల్లాలోనే తేలాలి, అథారిటీ సిఫార్సుకు ప్రభుత్వం కట్టుబడాలి. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్లోనూ గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, స్టేషన్ వెనక భాగం కనిపించేలా, మాటలు కూడా వినిపించేలా కెమెరాలు పెట్టి 18 నెలల రికార్డు ఉంచమంది. వాటిని చూడ్డానికి జిల్లా కమిటీ వేయమంది. 2025 సెప్టెంబర్లో ఆ కోర్టే ఈ విషయాన్ని తనంతట తాను మళ్లీ చేపట్టాల్సి వచ్చింది.

కెమెరాలు పెట్టామంటారు. పెట్టారు, కాదనను. కానీ గొడవ జరిగిన రాత్రి ఫుటేజీ కావాలని పిటిషన్ వేసినప్పుడు నాకొచ్చే జవాబులు వింటే ఆ కెమెరాలకు పాపం ఎంత అనారోగ్యమో అనిపిస్తుంది. హార్డ్ డిస్క్ చెడిపోయింది, కరెంటు పోయింది, మెయింటెనెన్స్ కంపెనీ కాంట్రాక్టు అయిపోయింది. స్టేషన్లో పరికరం పాడైతే తాళంచెవి ఎవరి చేతిలో ఉందో వాళ్లే జవాబు చెప్పాలనే నియమం పెట్టండి. కెమెరా పనిచెయ్యని రాత్రి ఆ స్టేషన్లో ఎవరినీ ఉంచకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి, కెమెరాల ఆరోగ్యం దానంతటదే కుదుటపడుతుంది. జిల్లా కమిటీలో కలెక్టరు, ఎస్పీలతోపాటు మేయరో, జిల్లా పరిషత్ అధ్యక్షులో ఉండాలని తీర్పులోనే ఉంది. ఆ కమిటీ ఎప్పుడెప్పుడు కూర్చుంది, ఏ స్టేషన్ ఫుటేజీ చూసింది, ఆ మినిట్స్ జిల్లా వెబ్‌సైట్లో పెట్టండి.

కంప్లైంట్స్ అథారిటీకి రిటైర్డ్ జడ్జి గారిని నియమించి, ఒక గది ఇచ్చి, ఫిర్యాదు వచ్చినప్పుడల్లా అదే జిల్లా ఎస్పీకి "విచారించి నివేదిక పంపండి" అని కాగితం పంపితే అది అథారిటీ కాదు, తపాలా కార్యాలయం. పైగా ఆ నియామకమే ఒక గొడవైపోతుంది: 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఛైర్మన్ వయసు నిబంధన దాటిందని వివాదం హైకోర్టుకెక్కింది. సొంత దర్యాప్తు మనుషులు లేనిదే ఆ వ్యవస్థ నిలబడదు. ప్రకాశ్ సింగ్ తీర్పు కూడా రిటైరైన దర్యాప్తు అధికారులను తీసుకోవచ్చంది. నా అభిప్రాయం ఇంకాస్త కఠినం: అందరూ మాజీ పోలీసులే అయితే పాత పరిచయాలు పనిచేస్తాయి. ఫోరెన్సిక్ డాక్టర్లు, సోషల్ వర్కర్లు, లాయర్లు సగమైనా ఉండాలి. ఉత్తర ఐర్లండ్‌లో 2000 నుంచి పోలీస్ అంబుడ్స్‌మన్‌కు సొంత దర్యాప్తు బృందం ఉంది, ఘటనా స్థలానికి వాళ్లే వెళ్తారు. అంతగా చీలిపోయిన సమాజంలో సాధ్యమైంది మన దగ్గర ఎందుకు కాదు?

గేటు దగ్గర టిఫిన్ డబ్బాతో నిలబడ్డ ఆవిడకు మాత్రం వీటిలో ఒక్కటీ తెలియదు. అందుకే ఒక చిన్న కోరిక. ప్రతి స్టేషన్ గేటుకు బయట, లోపల కాదు, తెలుగులో, అవసరమైనచోట ఉర్దూలో ఒక బోర్డు పెట్టండి. ఇక్కడ కెమెరాలున్నాయని, రికార్డు ఇన్ని నెలలు ఉంటుందని, హక్కులకు భంగం కలిగితే దాన్ని భద్రపరచమని అడిగే హక్కు మీకుందని, ఫిర్యాదుకు ఫలానా ఫోన్ నంబరని. సైనీ తీర్పులో ఇంచుమించు ఇవే మాటలున్నాయి. పక్కనే ఒక ఎలక్ట్రానిక్ రిజిస్టర్ ఉండాలి: లోపలికి తెచ్చిన ప్రతి మనిషికీ, అరెస్టు చూపించినా చూపించకపోయినా, తెచ్చిన సమయంతో ఒక నంబరు, ఆ నంబరు ఇంటివాళ్ల ఫోన్‌కు మెసేజ్. ట్రాఫిక్ చలానా ఫొటోతో సహా నిమిషాల్లో ఫోన్‌కొచ్చే రాష్ట్రాల్లో ఇది చేతకాదంటే నేను నమ్మను.

చివరగా ఒక మాట మీ కింది సిబ్బంది తరఫున. పైనుంచి "వాడి చేత ఒప్పించు" అని ఆర్డరొస్తే కాదనగల కానిస్టేబుల్‌కి ఈ రోజు ఏ రక్షణా లేదు. కేసు తిరగబడితే ఉద్యోగం పోయేది అతనిదే, ఆర్డరు ఇచ్చినవాడి మాట ఏ కాగితం మీదా ఉండదు. అడ్డగూడూరులో కూడా ఉద్యోగాలు పోయింది ఎస్ఐకీ కానిస్టేబుళ్లకే. అందుకే కంప్లైంట్స్ అథారిటీ తలుపు యూనిఫాంలో ఉన్నవాళ్లకూ తెరవండి. పేరు రహస్యంగా ఉంచి, బదిలీ నుంచి, శాఖాపరమైన చర్య నుంచి కాపాడుతూ, ఫలానా రాత్రి ఫలానా గదిలో ఏం చెయ్యమన్నారో చెప్పుకునే వీలు కానిస్టేబుల్‌కి కల్పించండి. దానికి చట్టసభ అక్కర్లేదు, ఒక జీవో చాలు.

ఇట్లు,
కింది కోర్టుల్లో పనిచేసే ఒక న్యాయవాది